చాన్సలర్ మీద మోడల్ ఆన్సర్

చరిత్ర పరీక్షలో ఒక గొప్పవాడి మీద వ్యాసం ఎలా రాయాలో హైదరాబాదులో పదకొండేళ్ళు చెప్పాను. చిక్కడపల్లిలో ఒక కోచింగ్ సెంటర్, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళు క్లాసులో చోటు చాలక మెట్ల మీద కూర్చుని నోట్స్ రాసుకునేవారు. గొప్పవాడు ఎవరైనా సరే, నా పద్ధతి ఒక్కటే. మొదటి వాక్యం డప్పు కొట్టినట్టుండాలి. ఎక్కడ పుట్టాడు, తండ్రి ఎవరు అనే గొడవ ఒక్క లైను దాటకూడదు. తర్వాత సైడ్ హెడింగులు, వాటి కింద స్కేలుతో గీత. ఆయన చేసిన తప్పులు చివరి పేరాకి ముందు పేరాలో, 'అయినప్పటికీ' అని మొదలుపెట్టి రెండు లైన్లలో తేల్చేయాలి. గొప్పవాణ్ణి నువ్వు పేపర్లో కాపాడు, ఆయన నిన్ను రిజల్టులో కాపాడతాడు అనేదాన్ని. క్లాసంతా నవ్వేది. నవ్వుతూనే రాసుకునేది.

నా మోడల్ ఆన్సర్‌ని ఒక్కో బ్యాచిలో రెండొందల మంది బట్టీ కొట్టేవారు. రెండొందల మందీ పరీక్షలో దాన్నే దించేవారు. అందులో తప్పుందని వాళ్ళకు గానీ నాకు గానీ ఏనాడూ తోచలేదు. బట్టీ కొట్టడమంటే మా దగ్గర కష్టపడటమే. అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పిన పిల్లను పిలిచి అందరి ముందూ మెచ్చుకునేదాన్ని. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. తర్వాత జరిగిందంతా దీని మూలంగానే జరిగింది.

మా ఆయనకు జర్మనీలోని వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి, అక్కడికి దగ్గర్లోని ఒక చిన్న ఊరికి చేరేసరికి మా అమ్మాయికి పన్నెండేళ్ళు. పిల్లకి ఆరు నెలల్లో జర్మన్ వచ్చేసింది. నాకు రెండేళ్ళు పట్టింది, అదీ బి-వన్ అనే మధ్య మెట్టు వరకే. ఎదుటివాళ్ళు మాట్లాడింది ముప్పాతిక మువ్వీసం అర్థమయ్యేది. నోరు తెరవాలంటే మాత్రం క్రియ ఎక్కడ పెట్టాలో ఆలోచించేలోపు అవతలివాళ్ళు ఇంకో మాటలోకి వెళ్ళిపోయేవారు. అందుకని డాక్టరు దగ్గరైనా, వీసా ఆఫీసులోనైనా, మా అమ్మాయే నా నోరు. టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికిందంటే ముందు దాని బడి టైమ్‌టేబుల్ చూసుకుని ఖాయం చేసేదాన్ని. నా ఎమ్మే హిస్టరీ సర్టిఫికెట్ అల్మరాలో ఫైల్లో భద్రంగా ఉంది. ఇక్కడ దాన్ని అడిగిన నాథుడు లేడు.

భాష నేర్చుకోవడానికి వెళ్ళిన జర్మన్ క్లాసులోనే నాకు ఆపా దొరికింది. ఆపా అంటే ఉర్దూలో అక్క. పాతబస్తీ మనిషి, నాకన్నా ఐదేళ్ళు పెద్దది. వాళ్ళాయన హాంబర్గ్‌లో ఓడరేవు దగ్గర సరుకు రవాణా కంపెనీలో పనిచేస్తూ పదిహేను రోజులకొకసారి వచ్చేవాడు. ఆమె ఇక్కడే ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. ఇద్దరం ఏడాదిన్నర ఒకే బెంచి మీద కూర్చున్నాం, ఒకే రోజు పరీక్ష రాసి పాసయ్యాం. నేను లెక్చరర్నని తెలిసిన రోజు నుంచీ నన్ను మేడమ్ అనే పిలిచేది. ఈ దేశంలో నన్నలా పిలిచింది ఆమె ఒక్కతే. ఆమె కూతురూ మా అమ్మాయీ ఒకటే బడి, ఒకటే తరగతి. పదకొండో తరగతికి వచ్చాక ఇద్దరూ హిస్టరీని మెయిన్ సబ్జెక్టుగా తీసుకున్నారు. నాకెంత గర్వమో.

కరోనా వచ్చిన రెండో చలికాలంలో బడులు మళ్ళీ మూతపడ్డాయి. ఇంకో ఇంటి నుంచి ఒక్క మనిషి మాత్రమే మన ఇంటికి రావచ్చని రూలు. ఆ ఒక్క మనిషీ ఆపా కూతురే. ఆపా ల్యాబుకు పోతే ఆ పిల్ల ఇంట్లో ఒక్కతే ఉండాలి, అందుకని పొద్దున్నే మా ఇంటికి వచ్చేది. మా ఆయన బెడ్‌రూములో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగుల్లో ఉండేవాడు. వంటింట్లో బల్ల దగ్గర ఈ ఇద్దరూ లాప్‌టాపులు తెరుచుకుని కూర్చునేవారు. టీచరు పీడీఎఫ్‌లు పంపేది, వీళ్ళు వాటిని చూసి నిట్టూర్చేవారు.

హిస్టరీ పరీక్ష మాత్రం బడిలోనే, ఎడంగా కూర్చోబెట్టి పెడతామన్నారు. అంశం, ముక్కలుగా ఉన్న జర్మనీని యుద్ధాలు చేసి ఒక్కటి చేసిన ఆ పాతకాలపు చాన్సలర్. ఆయన దేశానికి పునాది వేశాడా, తర్వాత వచ్చిన ఉపద్రవాలకు బీజం వేశాడా, మీరే తీర్పు చెప్పండి అనే తరహాలో ప్రశ్న వస్తుందని టీచరు ముందే సూచించింది. ఆ సెమిస్టరుకు అదొక్కటే పరీక్ష, దాని పాయింట్లు తిన్నగా ఫైనల్ సర్టిఫికెట్‌లో కలుస్తాయి. పిల్లలిద్దరూ బిక్కమొహాలు వేసుకున్నారు. నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. యుద్ధాలు చేసినవాడు, కార్మికులకు బీమా ఇచ్చినవాడు, అదే కార్మికుల పార్టీని నిషేధించినవాడు, చర్చితో తగువు పెట్టుకున్నవాడు, చివరికి కుర్రరాజు చేతిలో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. సైడ్ హెడింగుల కోసమే పుట్టినట్టున్నాడు మహానుభావుడు.

సూట్‌కేసు అడుగున ఉన్న నా పాత యూరప్ చరిత్ర పుస్తకం తీశాను. వాళ్ళ జర్మన్ పాఠ్యపుస్తకాన్ని ఫోన్‌తో పేజీ పేజీ అనువదించుకుని చదివాను. నాలుగు రోజులు కూర్చుని ఇంగ్లిష్‌లో ఆరు పేజీల మోడల్ ఆన్సర్ రాశాను. మొదటి వాక్యం, 'ఇల్లు కట్టేవాడికి ఇటుకల ఏడుపు వినపడదు.' అది రాసిన పూట లేచి వెళ్ళి నా అంతట నేనే ఒక లడ్డూ తిన్నాను. ఆయన్ను ఎక్కడా పడనివ్వకుండా చివరిదాకా కాపాడుకొచ్చాను. నిషేధాలూ గిషేధాలూ 'అయినప్పటికీ' కిందికి తోసేశాను. పిల్లలిద్దరూ దాన్ని పక్కపక్కన కూర్చుని జర్మన్‌లోకి మార్చుకున్నారు. ఎక్కువ భాగం మా అమ్మాయే మార్చింది, దాని భాష బాగుంటుంది. తర్వాత రోజూ ఇద్దరి చేతా అప్పజెప్పించుకున్నాను. ఆపా కూతురు ఒక్క చోట తడబడితే మళ్ళీ మొదటి నుంచి చెప్పించేదాన్ని. ఆ మూడు వారాలూ నేను మళ్ళీ మేడమ్‌ని. ఈ దేశానికి వచ్చాక అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

చిక్కడపల్లిలో రెండొందల పేపర్లు రెండొందల చోట్లకు చెదిరిపోయేవి. ఇక్కడ ఇరవై పేపర్లూ ఒకే టీచరు తన ఇంట్లో కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి దిద్దుతుంది. ఆ తేడా నా బుర్రకు తట్టలేదు.

కిటికీలు బార్లా తెరిచిపెట్టి, కోట్లూ మాస్కులూ వేసుకుని రాశారట ఆ పరీక్ష. రెండు వారాల తర్వాత టీచరు మాతో వీడియోలో మాట్లాడాలని కబురు పెట్టింది. ఏం జరిగిందో మా అమ్మాయి ముక్కలు ముక్కలుగా చెప్పింది. టీచరు మొదట దీని పేపరు దిద్దిందట. ఇటుకల వాక్యం కింద పచ్చ ఇంకుతో గీత గీసి 'చాలా బాగుంది' అని రాసిందట. పదిహేను పాయింట్లకు పదమూడు వేసిందట. నాలుగు పేపర్ల తర్వాత ఆపా కూతురి పేపర్లో అదే ఇటుక మళ్ళీ ఏడ్చిందట. మూడు పేరాలు అక్షరం తేడా లేకుండా కలిశాయి. ఇద్దరూ చెరో మూల కూర్చున్నారు కాబట్టి చూసి రాసుకునే వీల్లేదు. బట్టీ కొట్టడం నేరం కాదు, వేరేవాళ్ళ తీర్పును నా తీర్పు అని చెప్పుకోవడమే మోసం అందట టీచరు. మోసం అని తేలితే సున్నా.

"నేను చెప్త తియ్యి టీచర్‌కు," అన్నాను మా అమ్మాయితో. "ఇండియాల మేం గిట్లనే చదివిస్తం, నాకు తెల్వక చేసిన అంటే అయిపాయె. గంతదానికి భయమెందుకు?"

అది గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

శుక్రవారం మధ్యాహ్నం వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని పక్కపక్కన కూర్చున్నాం. నేను మంచి చుడీదార్ వేసుకున్నాను, మాట్లాడబోయేది తోటి హిస్టరీ టీచరుతో కదా మరి. తెర మీద యాభై ఏళ్ళ మనిషి, వెనక గోడ నిండా పుస్తకాలు. మర్యాద గల మనిషి. నాకోసం ఒక్కో మాటా విడివిడిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఆపా కూతుర్ని అడిగితే, ఈ వ్యాసం మీరు రాసి తమ ఇద్దరికీ ఇచ్చారని చెప్తోంది, నిజమేనా అని అడిగింది. నాకు పూర్తిగా అర్థమైంది. అయినా అలవాటు కొద్దీ మా అమ్మాయి వైపు తిరిగాను.

"నేనే రాసిన్నని చెప్పు. ఇద్దరికీ నేనే ఇచ్చిన. పిల్లల తప్పేం లేదు, తప్పుంటే నాదే అని చెప్పు."

మా అమ్మాయి తెర వైపు తిరిగి జర్మన్‌లో చెప్పింది. అమ్మకు దీని గురించి ఏమీ తెలియదట. ఆమెకు జర్మన్ సరిగా రాదు, ఇక్కడి చరిత్ర అసలే తెలియదు. తాము చదువుకుంటుంటే తమకు టీ పెట్టి ఇచ్చేదట, అంతే. వ్యాసం తనే ప్రాక్టీసు కోసం రాసుకుందట. తన నోట్‌బుక్ బల్ల మీదే ఉండేదట, ఆపా కూతురు అందులోంచి నేర్చుకుని ఉంటుందట.

ఒక్క మాట కూడా నాకు అర్థం కాకుండా పోలేదు. నా మాట నా పక్కనే, నా కళ్ళ ముందే, తలకిందులై బయటికి పోయింది. టీచరు నా వైపు చూసి నవ్వింది. చాలా దయగా నవ్వింది. వంటింట్లో టీ పెట్టే అమ్మలను చూసి ఇక్కడి చదువుకున్నవాళ్ళు నవ్వే నవ్వది.  నేనే రాశాను అనడానికి జర్మన్‌లో మూడు మాటలు చాలు. మూడూ నాలుక చివర ఉన్నాయి. మా అమ్మాయి బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది.  నేను నోరు విప్పలేదు. టీచరు థాంక్స్ చెప్పి, మంచి వీకెండ్ గడపండి అని కూడా చెప్పి, వెళ్ళిపోయింది.

కంచే చేను మేయడమంటే వ్యాసాల్లో వందసార్లు వాడుంటాను. అది నా ఇంట్లోనే జరిగితే ఎలా ఉంటుందో అప్పటిదాకా తెలియదు. లాప్‌టాప్ మూసి, ఇదేం పని అని అడిగాను. మా అమ్మాయి తొణకలేదు. నువ్వు రాశావని చెప్తే ఇద్దరికీ సున్నా వస్తుంది, ఇలా అయితే ఒక్కళ్ళకే వస్తుంది కదా అంది. లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరే, ఆ రోజు మాత్రం లెక్క బాగా కుదిరింది దానికి.

"నేను చాయ్ పెట్టేదాన్నా?" అన్నాను.

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ సాయంత్రం నా మనసు మండింది టీ గురించే. పదకొండేళ్ళు బోర్డు ముందు నిలబడ్డదాన్ని, ఆ ఇటుకల వాక్యం నాది, దాన్ని నా కడుపున పుట్టిన పిల్ల నా చేతిలోంచి లాక్కుని, నా చేతికి టీ కప్పు ఇచ్చింది. పైగా అందరూ నమ్మారు, అదీ బాధ. నా కూతురు నేనేమీ రానిదాన్నని చెప్తే ఈ దేశంలో నమ్మనివాళ్ళు లేరు. ఆపా కూతురి సంగతి నాకు ఆ పూట గుర్తుకే రాలేదు. రాత్రి అన్నాల దగ్గర మా ఆయన విని, పోనీలే, పిల్ల మార్కులు దక్కాయి కదా అన్నాడు. ఆయన మీద కూడా అలిగాను.

సోమవారం ఫలితం వచ్చింది. మా అమ్మాయి పదమూడు అలాగే ఉంది. ఆపా కూతురికి సున్నా. సున్నాతో పాటు, తను చేసిన తప్పును కప్పిపుచ్చుకోవడానికి స్నేహితురాలి తల్లి మీద అబద్ధం చెప్పిందని ఆ పిల్లకు చీవాట్లు కూడా. ఆ పిల్ల మా ఇంటికి రావడం ఆ రోజుతో ఆగిపోయింది.

మంగళవారం ఆపా వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. మాస్కు తీయకుండా మెట్ల దగ్గరే రెండు గజాల దూరంలో నిలబడింది. ల్యాబు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చెవుల వెనక మాస్కు తాడు ఒరుసుకుని ఎర్రగా కమిలింది. నేను గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకుంటూ, మా అమ్మాయి ఏదో చెప్పింది, జర్మన్‌లో చెప్పింది, నాకు సరిగ్గా తెలియలేదు అంటూ ఏదేదో గొణిగాను. ఆమె మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నది.

"మేడమ్, మీ బిడ్డ మీద నాకు గుస్సా లేదు," అంది ఆపా. "చిన్న పిల్ల, భయపడ్డది. మీకు సమజ్ కాలేదంటున్నరు. మనిద్దరం ఒక్క బెంచి మీద కూసున్నం. నాకు సమజ్ కానిది మీరే చెప్తుండె."

 ఆమె జవాబు కోసం ఆగలేదు. పది మెట్లు దిగి వెళ్ళిపోయింది. తలుపు వేసుకున్నాను. నా కూతురు నాకు చేసింది ఎవరికి చెప్పుకోవాలా అని నాలుగు రోజులుగా చూస్తున్నాను. చెప్పుకోవడానికి ఉన్న ఒక్క మనిషీ వచ్చి, నేను ఆమెకు చేసింది చెప్పి పోయింది.

బుధవారం నుంచి ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. మా అమ్మాయి తన గదిలో ఆన్‌లైన్ క్లాసుల్లో ఉండే పొద్దుటి వేళల్లో, డిక్షనరీ ముందు పెట్టుకుని, చేత్తో, జర్మన్‌లో. ఫోన్ అనువాదం వాడలేదు. తప్పులుంటేనే అది నేను రాశానని నమ్ముతారనిపించింది. సైడ్ హెడింగులు పెట్టలేదు. వ్యాసం నేను ఎందుకు రాశానో, ఎలా రాశానో, హైదరాబాదులో ఎలా చదివిస్తామో రాశాను. పాత పుస్తకంలో ఏ పేజీల నుంచి ఏం తీసుకున్నానో రాశాను. మొదటి వాక్యం ఇంగ్లిష్‌లో ఎలా ఉందో రాసి, ఆరు పేజీల ప్రతి కూడా జత చేశాను. ఆపా కూతురు నిజం చెప్పింది అని రాశాను. మా అమ్మాయి గురించి రాయాల్సిన చోటికి వచ్చి ఒక పూట ఆగిపోయాను. ఒక్కసారి 'అయినప్పటికీ' అని మొదలుపెట్టి, మంచి పిల్ల, తెలివైన పిల్ల అని రాయబోయి, కొట్టేశాను. ఆ రోజు మా అమ్మాయి నా మాటను మార్చి చెప్పింది అని మాత్రమే రాశాను. జరిగింది అదే కదా.

శనివారం నడుచుకుంటూ బడి దాకా వెళ్ళి, గేటు పక్కనున్న ఉత్తరాల డబ్బాలో వేశాను. వీడియో మీటింగుకు అప్పటికి ఎనిమిది రోజులు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఇప్పుడు అడిగితే, చెప్తే మా అమ్మాయి ఏడుస్తుంది, ఏడిస్తే నేను వేయను, అందుకని చెప్పలేదు.

సోమవారం పొద్దున టీచరు ఫోన్ చేసింది. పక్కన అనువాదానికి ఎవరూ లేరు. తెర కూడా లేదు, గొంతు మాత్రమే. నేను ఇరవై నిమిషాలు తప్పులతడకగా మాట్లాడాను. ఆమె ఈసారి నాకోసం నిదానంగా మాట్లాడలేదు. పుస్తకం గురించి అడిగింది, బీమా చట్టాల గురించి నేను రాసింది ఎందుకలా రాశానని అడిగింది, చెప్పాను. మీరు ఆయన్ను కాపాడటానికి చాలా కష్టపడ్డారు అంది. మెచ్చుకుందో తిట్టిందో తెలియలేదు. చివరికి అడిగింది.

"ఆ రోజు మీ అమ్మాయి చెప్పింది మీకు అర్థమైందా?"

"అర్థమైంది."

"మరి?"

"నా కూతురు," అన్నాను. ఆ ఒక్క మాట తర్వాత ఏం చెప్పాలో నాకు తెలుగులో కూడా తట్టలేదు. ఆమె సరే, థాంక్స్ అని పెట్టేసింది.

ఆ మర్నాడే ఇద్దరికీ కబురు వచ్చింది. ఇద్దరి పేపర్లూ రద్దు చేశారు. మళ్ళీ రాయాలి, ఖాళీ తరగతిలో, ముందెన్నడూ చూడని ప్రశ్నతో. మా అమ్మాయి ఫైల్లో మాత్రం, టీచరుకు అబద్ధం చెప్పిందని ఒక కాగితం చేరింది. ఆపాకు ఫోన్ చేసి చెప్పాను. తెలిసింది మేడమ్, బడి వాళ్ళు చెప్పిండ్రు అంది. మంచిగైంది అంది. ఇంకేమైనా అంటుందేమోనని ఫోన్ చెవికి పెట్టుకుని ఆగాను. డ్యూటీకి టైమైతుంది అని పెట్టేసింది. ఆ పిల్లకు రెండోసారి తొమ్మిది పాయింట్లు వచ్చాయని తర్వాత మా ఆయన ఎవరి ద్వారానో విని చెప్పాడు. మా అమ్మాయికి పదకొండు వచ్చాయి. ఇద్దరూ ఎవరి వ్యాసం వాళ్ళే రాశారు. అవి నాకు ఎవరూ చూపించలేదు.

మళ్ళీ రాసొచ్చిన రోజు మా అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది. బూట్లు విప్పలేదు, బ్యాగు దించలేదు. ఇంట్లో నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పే పిల్ల, ఆ రోజు తెలుగులో మాట్లాడింది. మాటలు వెతుక్కుంటూ, నేను ఉత్తరం రాసినట్టే తప్పులతో మాట్లాడింది.

"ఆ రోజు నువ్వు నా పక్కకే కూర్చున్నవ్. నేను రాంగ్ చెప్తున్న అని నీకు తెలిసింది. నువ్వు ఏం అనలేదు. నా చెయ్యి కూడా వదల్లేదు. నేను ఏమనుకున్న అంటే, అమ్మ నాతోని ఉంది అనుకున్న."

నేను ఏదో అనబోయాను.

"అప్పుడే చెప్తే నాకు సున్నా వచ్చేది, అంతే," అంది. "ఎనిమిది రోజులు నాతోని ఉండి, తర్వాత నాకు చెప్పకుండ రాసినవ్."

చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా వేస్తుందనుకున్నాను. మెల్లగానే వేసింది.

ద్రోహం ముందు చేసింది అదే. ఇప్పటికీ అదే అంటాను, ఎవరడిగినా అంటాను. నా మాట నా పక్కనే కూర్చుని మార్చేసిన పిల్ల అది. కానీ ఆ బల్ల దగ్గర నేను నోరు మూసుకున్నది ఆపాకు అబద్ధంలా వినపడింది, నా కూతురికి తోడుంటానన్న మాటలా వినపడింది. ఇద్దరూ దాన్ని నా మాటగానే తీసుకున్నారు. ఇద్దరి దగ్గరా నా మాట పోయింది.

ఆ వసంతంలో నా వీసా పొడిగింపుకు టెర్మిన్ వచ్చింది. మా అమ్మాయి టైమ్‌టేబుల్ చూడలేదు, దాన్ని అడగలేదు. అదీ వస్తానని అనలేదు. ఒక్కదాన్నే ఫైలు పట్టుకుని వెళ్ళాను. ప్లాస్టిక్ అద్దం వెనక కూర్చున్న ఆఫీసరమ్మ నా పేరు చదివి, మీతో అనువాదానికి ఎవరైనా వచ్చారా అని అడిగింది.

ఎవరూ లేరన్నాను.